మా ఊరికి సెంటరొచ్చింది

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఏమిటంటే, మా కనకానికి వాంతులూ విరేచనాలూ పట్టుకుని, పిల్ల నా చేతుల్లోంచి జారిపోతుందేమోనని.

మా తమ్ముడు అట్లాగే పోయాడు. అమ్మ మంచం పట్టింది. నేను ఏడో తరగతి పుస్తకాలు అటక మీద పడేసి పొయ్యి దగ్గర కూర్చున్నాను. అప్పటినించీ మంచినీళ్ళ చెంబు కనపడితే చాలు, ఒకసారి లోపలికి తొంగి చూడందే నాకు తోచదు. ఈ సంగతి ముందే చెప్పేశాను కనక ఇక నిశ్చింతగా అసలు విషయానికి వస్తాను.

ప్రతి పల్లెటూరికీ ఒక సెంటరు ఉండాలి! ప్రతి సెంటరులోనూ తక్కువలో తక్కువ అయిదు హోటళ్ళు ఉండాలి! ప్రభుత్వం వారు ఈ మేరకు వెంటనే చట్టం చెయ్యాలి. చెయ్యకపోతే దేశం బాగుపడదు.

"గంపెడు కొంపలు లేవు, మీ ఊరికి అయిదు హోటళ్ళా?" అని ముక్కు మీద వేలేసుకోకండి. మా ఏటిపాలెం గుండ్లకమ్మ ఒడ్డున ఉంటుంది. అద్దంకి బస్సు మా ఊరి చివరిదాకా వచ్చి, ఆ పైన ఏరే కనక, చేసేది లేక వెనక్కి తిరుగుతుంది. ఇదివరకు ఆ తిరిగేచోట ఏముండేది? ఒక రేగుచెట్టు. ఎవరివో నాలుగు మిరప టిక్కీలు, కాయలు తొక్కి కుట్టిన గోతాలు. వాటి నీడన ఒక కుక్క. పొరుగూరి మనిషి బస్సు దిగి దాహమేస్తే ఎవరో ఒకరి గుమ్మం ముందు నిలబడి, "అమ్మాయ్, కాసిని మజ్జిగ ఉంటే పొయ్యి" అనేవాడు. అడిగేవాడికి మొహమాటం లేదు, పోసేవాళ్ళకి ఆదాయం లేదు. ఎంత మోటు కాలం!

మండలాలు వస్తున్నాయని తెలిసిన ఏడు మా ఊరి కళ్ళు తెరుచుకున్నాయి. మండలాఫీసు మన ఊళ్ళోనే పెడతారట అని ఎవరో అన్నారు. అన్నదెవరో ఇప్పటికీ తేలలేదు. కానీ మా పంచాయతీ ప్రెసిడెంటు చెంచయ్య గారు, నాకు మావయ్య వరస, ఆ మాట పట్టుకుని ఊరందరినీ పోగేశారు.

"ఆఫీసరు జీపెక్కి వస్తాడయ్యా. ఎక్కడ దిగుతాడు?"

"బస్సు తిరిగేకాడ."

"దిగి ఏం జూస్తాడు?"

"కుక్కని" అన్నాడు వెనకనించి ఎవడో.

"నవ్వండి, బాగా నవ్వండి. సెంటరు లేని ఊరికి మండలం ఎవడిస్తాడ్రా? ఆఫీసరుకి కాఫీ ఎక్కడ పోస్తావ్? మీ కొష్టంలో గేదె పక్కన కూచోబెట్టి పోస్తావా?"

గేదె మాట ఊరందరికీ గుండెల్లో గుచ్చుకుంది.

ఇక చూడండి. రేగుచెట్టు కొట్టేశారు. కంకర పోశారు. సిమెంటు బల్లలు వేశారు. ట్యూబులైటు పెట్టారు. విగ్రహం కోసం మనిషెత్తు దిమ్మ కట్టారు. విగ్రహం ఎవరిదో తేలక, ప్రస్తుతం దాని మీద హోటళ్ళవాళ్ళు ఎంగిలి గ్లాసులు పేర్చుకుంటున్నారు. దేశంలో ఏ దిమ్మకైనా ఇంత ప్రజాసేవ చేసే భాగ్యం దక్కిందా?

తర్వాత హోటళ్ళు. పెద్దబజారువాళ్ళు ఒకటి పెట్టారు. వాళ్ళ గ్లాసులో తాగితే మన పరువేం కావాలని పడమటిబజారువాళ్ళు దాని ఎదురుగా ఇంకొకటి పెట్టారు. ఆ రెంటిలోనూ అడుగుపెట్టలేని మడి మనుషుల కోసం శ్యామలాంబ గారు కాఫీ క్లబ్బు తెరిచారు. ముక్క లేని ఊరు ఊరా అని ఒక మిలిటరీ హోటలు వెలిసింది. ఈ నలుగురి మీదా అలిగినవాళ్ళ కోసం అల్లాబక్షు టీ బంకు పెట్టాడు. మా ఊళ్ళో అలిగినవాళ్ళే ఎక్కువ కాబట్టి అందరికంటే అల్లాబక్షు బేరమే బాగుంది.

మండలాఫీసు పక్కూరికి పోయింది. పోతే పోయింది! సెంటరు మాకు మిగిలింది.

సెంటరు వల్ల ఆడవాళ్ళకి కలిగిన మేలు ఇంతా అంతా కాదు. పొద్దున్నే మగవాళ్ళు మొహం కడుక్కోవటమే తరవాయి, తువ్వాలు భుజానేసుకుని సెంటరుకి నడుస్తారు. ఇంట్లో కాఫీ పెట్టే శ్రమ తప్పింది. పైగా వాళ్ళు తిరిగొచ్చేటప్పటికి వంటలో పండితులై వస్తారు. మా ఆయన పుట్టినప్పటినించీ ఇరవయ్యేడేళ్ళు గోంగూర పచ్చడితో కిక్కురుమనకుండా అన్నం తిన్న మనిషి. ఇప్పుడు ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "సాంబార్లో ఇంగువ వెనకబడింది" అంటాడు. చదువంటే ఇదీ!

వ్యవసాయం సంగతి చూడండి. పత్తి తీతకొచ్చే ఆడవాళ్ళు ఇదివరకు తెల్లారుతూనే చద్దిమూట కట్టుకుని చేలో దిగేవాళ్ళు. ఇప్పుడు గట్టు మీద కూర్చుని మర్యాదగా అడుగుతారు: "ఏం దొరసానీ, ఇయ్యాల ఇడ్లీనా, పూరీనా?" ఇడ్లీ అంటే కాయల్లో పత్తి సగం మిగులుతుంది. పూరీ అంటే చేను అద్దంలా ఉంటుంది. ఏ వ్యవసాయాధికారైనా ఇంత తేలికైన ఎరువు చెప్పాడా?

వైద్యం కూడా పెరిగింది. హోటలు పక్కన మందుల షాపొచ్చింది. దాని పక్కన ఆరెంపీ డాక్టరు బోర్డు కట్టాడు. ఆ పక్కనే పురుగుమందుల కొట్టు. తిన్నవాడు ఎండలో తిరగక్కర్లేదు. అదే నీడన నాలుగడుగులు వేస్తే ఎంతదూరం కావాలంటే అంతదూరం పోవచ్చు.

ఇన్ని సుఖాల మధ్య ఒక చిన్న సమస్య వచ్చింది. అయిదు హోటళ్ళ కడుగునీళ్ళు, మురికినీళ్ళు, ఎటు పోవాలి? కంకర మీద మడుగు కట్టి, దోమలు ముసిరి, సెంటరు అందం చెడిపోతోంది. మళ్ళీ పంచాయతీ పెట్టారు.

ఇక్కడ మా మంచినీళ్ళ సంగతి చెప్పాలి. సంక్రాంతి దాటితే మా ఏరు పారదు. ఇసకలో మోకాలి లోతు గుంట తవ్వితే తేటగా నీరు ఊరుతుంది. చెలమ అంటాం. ఊరివాళ్ళ చెలమలు ఎగువన. ఊరికి దిగువన, విడిగా, హరిజనుల పల్లె ఉంది, ఇమ్మానియేలు వాళ్ళు ఉండేది. వాళ్ళ చెలమలు దిగువన. ఈ ఎగువా దిగువా ఎవరు నిర్ణయించారని అడక్కండి. నీళ్ళు పైనుంచి కిందికి ఎందుకు పారతాయని అడిగినట్టుంటుంది.

"ఏట్లోకి కాలవ తీస్తే సరి" అన్నారు చెంచయ్య మావయ్య. "మన చెలమలకి దిగువన వదిలితే మనకే బాధా లేదు."

ఇమ్మానియేలు లేచి నిలబడ్డాడు. "అయ్యా, మీరు వదిలేది మేం తాగేకాడ."

"కాస్త కిందకి జరగండ్రా. ఏరేమన్నా బారెడేనా? అంతా మీదేగా."

"జరగటానికి మాకేం బాధ లేదయ్యా. నీళ్ళు కూడా మాతో జరుగుతయ్యేమో కనుక్కుని చెప్పండి."

"పారే ఏటికి మైలేంట్రా!" అని ఎవరో అందుకున్నారు. అందరూ తలలూపారు. ఏరు పారి అప్పటికి నెలలయింది. అయినా సామెత సామెతే కదా! కాలవ తీశారు. సెంటరు అద్దంలా తయారైంది. హోటళ్ళవాళ్ళు బోర్డుల మీద కొత్తగా రాయించుకున్నారు: 'గుండ్లకమ్మ చెలమ నీళ్ళ కాఫీ మా ప్రత్యేకత.'

నాకు భయం ఎక్కువని మొదటే చెప్పాను. ఒకరోజు బట్టలు ఉతుక్కుని వస్తూ, హోటళ్ళకి నీళ్ళు తోలే బుడే సాయిబు బండి చూశాను. పీపా బండి. ఎద్దు నిలబడి నిద్రపోతోంది. బుడే వంగి చెలమలోంచి ముంచి పోస్తున్నాడు. అది ఊరివాళ్ళ చెలమ కాదు. దిగువ చెలమ. కాలవ నోరు దానికి చిన్నపిల్ల రాయి విసిరితే పడేంత దూరం.

"బుడే, ఇక్కడ తోడుతున్నావేంది?"

"మరెక్కడ తోడమంటారమ్మా? ఎగువకి పోతే ఇసకలో బండి చక్రం కూరుకుపోద్ది. ఎద్దు ముసల్ది. రోడ్డుకి ఇదే దగ్గిర."

"ఇవి ఏ హోటలుకి?"

"అన్నిటికీ ఇయ్యే. నాకు పక్షపాతం లేదు."

చెలమలోకి తొంగి చూశాను. ఒక కరివేపాకు రెబ్బ తేలుతోంది. పక్కన రెండు ఆవగింజలు.

"ఇదేంది బుడే?"

బుడే కూడా తొంగి చూశాడు. "కరేపాకు. కళ్ళకి మంచిదేగదమ్మా."

మీరు బుడేని తప్పు పట్టకండి. పట్నాల్లో పెద్ద పెద్ద ఇంజనీర్లకి చేతకానిది మా ఊరు చేసి చూపించింది. హోటల్లో కడిగిన నీళ్ళు కాలవలోకి, కాలవ నీళ్ళు చెలమలోకి, చెలమ నీళ్ళు హోటల్లోకి. చుక్క వృథా పోదు. తిరగమోత కూడా వృథా పోదు!

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన నవ్వాడు. "నీకు గాలన్నా భయమే. ఇసకని మించిన వడపోత ఉందా?"

"ఆ ఇసక కరేపాకుని కూడా వడకట్టలేదు" అన్నాను.

మా అత్తగారు బసవమ్మ గారు మంచం మీదనించే, "ఏటి నీళ్ళు తాగే ఇంతవాళ్ళమయ్యాం. ఏ చెలమే అమ్మాయ్?" అన్నారు.

"దిగువదత్తయ్యా. పల్లెవాళ్ళది."

ఆవిడ లేచి కూర్చున్నారు. "ఏందీ! పల్లె చెలమ నీళ్ళా! హోటళ్ళలోనా! ఒరేయ్, నువ్వు రోజూ తాగుతున్నావంట్రా!"

మా ఆయన నవ్వు ఆగిపోయింది. మురుగు మాట చెప్తే ఆగని నవ్వు!

పొద్దు గుంకేలోపల ఊరు ఊరంతా అట్టుడికిపోయింది. దిమ్మ చుట్టూ జనం. పెద్దబజారూ పడమటిబజారూ నా పెళ్ళయి వచ్చిన తర్వాత మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డాయి. కాలవ గురించి ఒక్కడు అడగలేదు. కరివేపాకు గురించి ఒక్కడు అడగలేదు. ఎవరి చెలమ అన్నదే గొడవ. ఇన్నాళ్ళూ తాగేశాం కదా, ఇప్పుడేమిటి గతి? పల్లెనించి ఇమ్మానియేలు కూడా వచ్చి దూరంగా నిలబడి విన్నాడు.

"మా నీళ్ళు తాగి ఎవరికన్నా కులం పోయిందా అయ్యా?" అని అడిగాడు. "పోయుంటే చెప్పండి. మా కాడికొచ్చిందేమో ఎతికి తెచ్చిస్తాం."

చివరికి శ్యామలాంబ గారి పెద్దన్నయ్య త్యాగరాజు శాస్త్రి గారిని పిలుచుకొచ్చారు. ఆయన శ్యామలాంబ గారి క్లబ్బు వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని సెలవిచ్చారు: "అగ్ని తాకిన వస్తువుకి దోషం లేదు. కాఫీ అగ్ని మీద కాగినదే గదా!"

ఊరు ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరిలోనే నాలుగు కాఫీలు చెప్పారు.

నాకు శాస్త్రి గారి మాట నిజంగా నచ్చింది. ఆయన అన్నది ఏ డాక్టరైనా అంటాడు. కాచిన దానికి దోషం లేదు. ఆడవాళ్ళ వెనకనించి గొంతు పెంచి అడిగాను: "మరి తాగే మంచినీళ్ళు ఎవరూ కాచటం లేదుగదండీ?"

చెంచయ్య మావయ్య నా వైపు తిరిగారు. "అమ్మాయ్, మంచినీళ్ళకి హోటళ్ళలో డబ్బులు తీసుకుంటారా?"

"తీసుకోరు మావయ్యా."

"ఊరికే ఇచ్చేదాన్ని కట్టెలు తగలేసి కాచమంటే ఎవడు కాస్తాడమ్మా?"

వ్యాపారం తెలిసిన మనిషి.

నేను చెయ్యగలిగిందొకటే. కనకాన్ని సెంటరుకి తీసుకుపోవద్దని మా ఆయనతో చెప్పాను. ఎగువ చెలమ నీళ్ళు ఎసరు మరిగినట్టు కాచి, బట్టతో వడకట్టి, పిల్ల చెంబు వేరే పెట్టాను. మా అత్తగారు, "నీళ్ళకి వంటేందే!" అని నవ్వారు. నవ్వితే నవ్వారు.

కానీ నాలుగేళ్ళ పిల్లకి సెంటరు వద్దంటే వింటుందా? ట్యూబులైటు వెలిగితే చాలు, నాన్న భుజం ఎక్కేస్తుంది. నాన్నకి మాత్రం కూతురిని భుజం మీద ఎక్కించుకుని సెంటర్లో నడవటం కంటే గొప్పేముంది? నేను కనకం తర్వాత పుట్టిన చంటివాడికి పాలిస్తుంటే ఇద్దరూ చల్లగా జారుకున్నారు. ఆ సాయంత్రం మిరపకాయ బజ్జీ. మా చేలో పండిన మిరపకాయే. మా మిరపకాయ తిన్న పిల్ల నీళ్ళు అడక్కుండా ఎట్లా ఉంటుంది? అడిగింది. ఊరికే ఇచ్చే నీళ్ళు కదా, గ్లాసు నిండా ఇచ్చారు. ఇంకో గ్లాసు అడిగింది. అదీ ఇచ్చారు. మా హోటళ్ళవాళ్ళది చాలా మంచి మనసు.

మర్నాటి సంగతి నేను వివరంగా రాయను. పిల్ల మొహంలో కళ్ళు ఎక్కడో లోతుకి పోయాయి. నోరెండిపోయి, ఏడిస్తే నీళ్ళు రాలేదు. చర్మం గిల్లి వదిలితే అట్లాగే ముడతపడి నిలబడింది. మా తమ్ముడికీ అట్లాగే నిలబడింది. ఆరెంపీ డాక్టరు సూదేసి, రంగు నీళ్ళిచ్చి, ఒంగోలు తీసుకుపొమ్మన్నాడు. సెంటరు ఉండబట్టి కదా నీడన నిలబడి పిల్లని బస్సు ఎక్కించగలిగాం! రేగుచెట్టు రోజుల్లో అయితే ఎండలో నిలబడాల్సి వచ్చేది. ఇన్ని సౌకర్యాలు మరిచిపోతే కళ్ళు పోతాయి.

పిల్ల బతికింది. ఒంగోలు పెద్ద డాక్టరు గారు సెలైన్లు ఎక్కించి బతికించారు. ఏ దేవుడికి ఏ మొక్కు మొక్కానో గుర్తులేక అందరికీ తీరుస్తున్నాను.

మా ఆయనతో ఆ డాక్టరు గారు ఒక్కటే చెప్పారట: "వానలు పడి ఏరు పారేదాకా పిల్లని మీ ఊరు తీసుకెళ్ళొద్దు."

అందుకని కనకం ఇప్పుడు ఒంగోల్లో మా ఆడబిడ్డ వెంకటేశ్వరమ్మ ఇంట్లో ఉంది. చంటివాణ్ణి వదిలి నేను వెళ్ళలేను, ఆ అగ్గిపెట్టంత ఇంట్లో ఇద్దరు పిల్లలతో నేనుండలేను. ఇమ్మానియేలు పిల్లలు మాత్రం ఇక్కడే ఉన్నారు. వాళ్ళకి ఒంగోల్లో మేనత్తలు లేరు.

మా సెంటరు దినదినాభివృద్ధి చెందుతోంది. ఆరో హోటలుకి పునాది తీశారు. బయటి ఊళ్ళవాళ్ళు మా సెంటరు చూడటానికి వస్తున్నారు. చూడముచ్చటగానే ఉంటుంది. మా ఊళ్ళో అందరూ ఉండవచ్చు, మా పిల్ల తప్ప.

వెళ్ళినవాడు వచ్చి కబురు చెప్తాడని శనివారం కోసం ఎదురు చూస్తాను. మా ఆయన ప్రతి శనివారం ఒంగోలు వెళ్ళి పిల్లని చూసి వస్తాడు. పోయిన వారం వచ్చి, చెప్పులు విడవకుండానే, "నీ కూతురు బాగా తేరుకుందే! అన్నం వద్దంటది, పూరీ కావాలంటది. బస్టాండు ఎదురుగా కొత్త హోటలుంది, అక్కడికి తీసుకుపోయా. ఎంత హోటలనుకున్నావ్! మన అయిదూ దాంట్లో పడతయ్" అన్నాడు.

"నీళ్ళు తాగిందా?"

"తాగకుండా ఎట్లా తింటదే? స్టీలు గ్లాసులో ఇచ్చారు. తళతళలాడుతుంది."

ఏమన్నా అంటే మళ్ళీ నవ్వుతాడు. పాపం, చెడ్డవాడు కాదు. పిల్లని భుజం మీద ఎక్కించుకుని హోటల్లోకి నడవటం ఆయనకి సంతోషం, అంతే. ఏరు పారటానికి ఇంకా చాలా రోజులుంది. ఆ రోజుల్లో శనివారాలు ఎన్నున్నాయో లెక్కపెట్టటం మానేశాను.

చదివేవాళ్ళలో ఒంగోలువాళ్ళు ఉండకపోరు. మీకొక పని చెప్తాను, విసుక్కోకండి. శనివారం సాయంత్రం మీరు ఆ బస్టాండు ఎదురు హోటలుకి వెళ్తే, ఎడమ చేత్తో పూరీ తినే ఒక నాలుగేళ్ళ పిల్ల కనపడుతుంది. ఎంత చెప్పినా కుడి చేత్తో తినదు. పక్కన మా ఆయన సాంబారు వాసన చూస్తూ కూర్చుని ఉంటాడు. ఆ పిల్ల ముందున్న గ్లాసు చూపించి, ఈ నీళ్ళు కాచినవేనా అని హోటలువాళ్ళని గట్టిగా ఒకసారి అడగండి. నేనడిగితే పిరికిదంటారు. మీరడిగితే కస్టమరు అంటారు.

అడిగాక, పిల్ల కళ్ళు కూడా ఒకసారి చూడండి. లోతుకి పోయినట్టుంటే ఏటిపాలెం, వయా అద్దంకి, నాకు వెంటనే ఒక కార్డు ముక్క రాసి పడెయ్యండి. బాగుంటే రాయక్కర్లేదు.

కాదులెండి. బాగున్నా రాయండి.